గ్రంథ వినియోగానికి కొలమానం ఏది?

ఒక గ్రంథాలయం ఎంతవరకు ఉపయోగపడుతున్నదో తెలుసుకోవాలనే కోరిక సహజమైనది, న్యాయమైనది కూడా. ప్రజల పన్నుతో గాని, దాతల వక్ఫుతో గాని నడిచే ఏ సంస్థ అయినా లెక్క చెప్పవలసినదే. లెక్క అడిగినవాడిని శత్రువుగా చూడటం మన సంస్థలలో చాలాచోట్ల ఉన్న దురలవాటు. ఆ దురలవాటును సమర్థించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అడుగుతున్న లెక్క సరైనదేనా, కొలుస్తున్న పాత్ర సరైనదేనా అన్నదే ఇక్కడి ప్రశ్న. బియ్యం కొలిచే మానికతో బంగారం కొలిస్తే అడుగు కూడా నిండదు. అంతమాత్రాన అది విలువ లేనిదని ఎవరూ అనరు. కాని పరిశోధన గ్రంథాలయాల విషయంలో మనం సరిగ్గా ఆ మాటే అంటున్నాము.

ఈ భేదం కళ్ళకు కట్టాలంటే పుస్తకాలు తిరగవేయనక్కరలేదు. నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాలలో ఒక పూట తిరిగితే చాలు. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉన్నది. ఉద్యోగ పరీక్షలకు సిద్ధమయ్యే యువకులతో అది నిండి ఉంటుంది. లోపల చోటు చాలక ఆవరణలో చెట్ల కింద కూర్చొని చదివేవారు కూడా కనిపిస్తారు. పక్కనే అశోక్‌నగర్ వీధులలో శిక్షణ కేంద్రాలు, హాస్టళ్ళు, జిరాక్సు దుకాణాలు వరుసగా ఉన్నాయి. 2023 మార్చిలో సర్వీసు కమిషన్ ప్రశ్నపత్రాల లీకు బయటపడినప్పుడు, 2024 అక్టోబరులో గ్రూప్-1 మెయిన్స్ వివాదం తలెత్తినప్పుడు రాష్ట్రం చూపు ఈ వీధుల మీదనే నిలిచింది.

అక్కడి నుంచి నడిచి వెళ్ళగల దూరంలో, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నది. పుచ్చలపల్లి సుందరయ్యగారు 1985లో మరణించిన తరువాత, ఆయన సొంత పుస్తకాలు మూలధనంగా ఏర్పడిన సంస్థ అది. మన పాఠకులలో చాలామందికి తెలియని విషయం ఏమంటే, ఉర్దూ అచ్చు చరిత్రకు ఎంతో విలువైన ఒక సేకరణ కూడా అక్కడికే చేరింది. అబ్దుస్ సమద్ ఖాన్ అనే పుస్తక ప్రియుడు జీవితమంతా ఏరి కూర్చిన ఉర్దూ గ్రంథాలు, పత్రికల సంచికలు అవి. 1990లలో షికాగో విశ్వవిద్యాలయం తోడ్పాటుతో ఆ సేకరణ అక్కడ స్థిరపడింది.

ఇప్పుడు ఈ రెండు చోట్లా ఒకే మానిక పెట్టి కొలవండి. గుమ్మం దాటినవారిని లెక్కిస్తే మొదటి గ్రంథాలయం ఎంతో ముందుంటుంది. రెండవదానిలో ఉర్దూ అల్మారాల దగ్గరకు ఒక రోజు ఇద్దరు రావచ్చు, మరొక రోజు ఎవరూ రాకపోవచ్చు. గుమ్మం లెక్కనే నమ్మే అధికారి ఉర్దూ అల్మారాలు ఖాళీ చేసి, అక్కడ బల్లలు వేయమంటాడు. అయితే మరొక లెక్క కూడా ఉన్నది. పరీక్షల కోసం వచ్చే యువకులలో ఎక్కువమంది తమ పుస్తకాలు తామే తెచ్చుకుంటారు. వారికి కావలసినది కుర్చీ, వెలుతురు, నిశ్శబ్దం, తాగునీరు. అల్మారాలోని గ్రంథం ఎంతమంది చేతికి వచ్చిందని అడిగితే, ఆ కిక్కిరిసిన గదిలోనే జవాబు చాలా తగ్గిపోతుంది. గదిని వాడటం వేరు, గ్రంథాన్ని వాడటం వేరు.

ఇక్కడ అపార్థానికి తావు ఇవ్వకూడదు. ఆ యువకులను తక్కువ చేయడం నా అభిమతం కాదు. మారుమూల జిల్లా నుంచి వచ్చి, నలుగురితో కలిసి ఇరుకు గదిలో ఉంటూ, పొద్దున్నే గ్రంథాలయం తలుపు తెరిచే వేళకు వరుసలో నిలబడే పేద విద్యార్థికి ఆ కుర్చీ అన్నంతో సమానం. వారిలో మన ముస్లిం కుటుంబాల పిల్లలు కూడా ఉన్నారు. వారికి కుర్చీలు ఇంకా పెంచాలి. కాని కుర్చీకి ఉన్న గిరాకీని గ్రంథానికి ఉన్న గిరాకీగా చూపడం, తరువాత అదే అంకెతో పరిశోధన గ్రంథాలయాన్ని దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు.

ఈ కొలతల శాస్త్రం ఎక్కడ పుట్టిందో కొంత తెలుసుకోవాలి. షికాగో విశ్వవిద్యాలయంలో హెర్మన్ ఫస్లర్, జూలియన్ సైమన్ అనే ఇద్దరు 1961లో ఒక అధ్యయనం వెలువరించారు. ఒక గ్రంథం గతంలో ఎంత వాడబడిందో చూస్తే, భవిష్యత్తులో ఎంత వాడబడుతుందో చాలావరకు ఊహించవచ్చునని వారు తేల్చారు. 1969లో ట్రూస్వెల్ అనే ఆయన మరొక సూత్రం చెప్పాడు. గ్రంథాలయం ఇచ్చే పుస్తకాలలో సుమారు 80 శాతం, ఉన్న పుస్తకాలలోని 20 శాతం నుంచే పోతాయని దాని సారం. అన్నిటికంటె ఎక్కువ అలజడి రేపినది పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం అధ్యయనం. అది 1979లో అచ్చయింది. 1969లో అక్కడి ప్రధాన గ్రంథాలయం చేర్చుకున్న పుస్తకాలలో 39.8 శాతం మొదటి ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఇంటికి వెళ్ళలేదని అందులో తేలింది.

ఈ అంకెలు అబద్ధాలు కావు. కష్టపడి తీసిన లెక్కలే. పొరపాటు వాటి నుంచి తీసే తీర్పులో ఉన్నది. పిట్స్‌బర్గ్ లెక్కకు అదే విశ్వవిద్యాలయం అధ్యాపకుల నుంచి గట్టి అభ్యంతరాలు వచ్చాయి. గ్రంథాలయంలోనే కూర్చొని చదివిన చదువుకు ఆ లెక్కలో తగిన చోటు దక్కలేదన్నది వాటిలో ముఖ్యమైనది. ఫస్లర్, సైమన్‌లు సైతం తక్కువ వాడకం ఉన్న గ్రంథాలను పారవేయమనలేదు, ఖర్చు తక్కువయ్యే మరొక చోట భద్రపరచే మార్గం వెదికారు. వారి అంకె మనదాకా వచ్చింది గాని వారి జాగ్రత్త రాలేదు. ఇందులో ఆలోచించదగిన విశేషం ఒకటున్నది. తక్కువ వాడే పుస్తకాలను ఎలా గుర్తించాలో లోకానికి చెప్పిన ఆ విశ్వవిద్యాలయమే, తరువాతి తరంలో హైదరాబాదు వచ్చి, ఇక్కడివారు పట్టించుకోని ఉర్దూ సేకరణను కాపాడటానికి పూనుకున్నది. వాడకం తక్కువన్న మాటకూ విలువ తక్కువన్న మాటకూ ఉన్న తేడా వారికి తెలుసు.

మన దగ్గర ఇది ఎలా నడుస్తుందో నా అనుభవంలోని ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ళ క్రితం దక్కనులోని భూదానాల గురించిన ఒక ఉర్దూ గ్రంథాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో పాత రెవెన్యూ మాటలు అడుగడుగునా తగులుతాయి. ‘మదద్ మఆష్’ అన్నచోట జీవనభృతి కోసం ఇచ్చిన భూమి అని రాయవచ్చును. ‘యౌమియా’ అన్నచోట దినభత్యం అని సరిపెట్టవచ్చును. కాని ఆ భత్యం వారసులకు సంక్రమిస్తుందా, ఇచ్చినవాడితోనే ఆగిపోతుందా అన్నది తేలకపోతే అనువాదం సగం అబద్ధం అవుతుంది. నగరంలోని ఒక పాత గ్రంథాలయంలో, దాని పేరుతో ఇక్కడ పనిలేదు, రెండు అల్మారాల నిండా పాత నిఘంటువులు, సర్కారు నిబంధనల సంపుటాలు ఉండేవి. పదకొండు రోజులు అక్కడే కూర్చున్నాను. రోజూ ఆరేడు సంపుటాలు బల్ల మీద పరచుకొని, చూసుకొని, సాయంత్రం తిరిగి పెట్టేవాడిని. అవి బయటికి ఇచ్చేవి కావు కాబట్టి చీటీ అక్కరలేదు.

మరుసటి సంవత్సరం వెళ్ళేసరికి ఆ అల్మారాలు లేవు. అడిగితే కింది గదికి పంపామన్నారు. అక్కడ చిరకాలంగా పనిచేస్తున్న ఉద్యోగి మంచివాడు, నన్ను ఎరిగినవాడు. ‘‘మౌల్వీసాబ్, మీరు వచ్చి కూర్చోవడం నేను చూడలేదా? కాని పైవాళ్ళు అడిగింది చీటీల లెక్క. చీటీ లేనిది రాయడానికి నాకు కాలమ్ ఎక్కడుంది?’’ అన్నాడు. ఆ అల్మారాల ఎదుట వినియోగం సున్నా అని రాసి ఉన్నది. ఆ సున్నాలో నా పదకొండు రోజులు ఉన్నాయి. నా ముందు వచ్చినవారి రోజులు ఎన్ని ఉన్నాయో!

సున్నా అన్నది ఎప్పుడూ పుస్తకం మీద తీర్పు కాదు. చాలాసార్లు అది గ్రంథాలయం మీద తీర్పు. పట్టికలో లేని పుస్తకాన్ని ఎవరు అడుగుతారు? ఉర్దూ గ్రంథాల పట్టిక ఉర్దూ చేతిరాతలో మాత్రమే ఉంటే తెలుగు చదివే ముస్లింకు అది మూసిన తలుపే. ఇంగ్లీషు అక్షరాలలో ఉంటే ఒకే పేరు నాలుగు విధాలుగా కనిపిస్తుంది. అబ్దుల్ హక్ అనే పేరు రాసిన తీరును బట్టి ఒక పుస్తకం ఒక చోట, మరొక పుస్తకం ఇంకొక చోట పడుతుంది. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం దొరకాలని, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలని మద్రాసులో ఎస్. ఆర్. రంగనాథన్‌గారు 1931లో తన పంచసూత్రాలలో చెప్పారు. రెండవ మాట చాలామంది మరచిపోతారు. పాఠకుడిని వెదికి తెచ్చే బాధ్యత గ్రంథాలయానిది. అది నిర్వర్తించకుండా, పాఠకుడు రాలేదు కనుక పుస్తకం పనికిరానిదని తేల్చడం, పెళ్ళి సంబంధం చూడకుండానే అమ్మాయిని ఎవరూ అడగలేదని నిందించడం వంటిది.

మన పూర్వులకు ఈ విషయంలో మరొక దృష్టి ఉండేది. అరబీ వ్రాతప్రతులు చూసినవారికి సమా పత్రాలు తెలిసే ఉంటాయి. గురువు ఎదుట ఒక గ్రంథం చదవడం ముగిసిన తరువాత, విన్నవారి పేర్లు, చదివినవాడి పేరు, స్థలం, తేదీ ఆ ప్రతి మీదనే రాసేవారు. మధ్యలో ఏ భాగానికి ఎవరు రాలేదో, ఎవరు కునుకు తీశారో కూడా కొన్నిటిలో నమోదై ఉన్నది. గ్రంథ వినియోగాన్ని కొలవడం అంటే అది. ఎంతమంది ముట్టుకున్నారన్నది కాక, ఎవరు ఎంత విన్నారు, దానిని ముందుకు అందించే అర్హత ఎవరికి వచ్చింది అన్నది అక్కడి లెక్క. దమిష్కు నగరంలోని అటువంటి పత్రాలకు తయారైన సూచిక 1996లో అచ్చయింది. హిజ్రీ 550 నుంచి 750 వరకు ఆ నగరంలో ఎవరు ఏ గ్రంథం విన్నారో అందులో వెదకి తెలుసుకోవచ్చును. మన నేటి రిజిస్టర్లు ఏడెనిమిది వందల సంవత్సరాల తరువాత అంత చెప్పగలవా?

మరొక ఉదాహరణ యాఖూత్ హమవీది. మర్వ్ నగరంలో పది గ్రంథాలయాలు ఉండేవని, తన ఇంట్లో ఎప్పుడూ రెండు వందల సంపుటాలకు తగ్గకుండా ఉండేవని, వాటిలో ఎక్కువ వాటికి తాకట్టు కూడా అడగలేదని ఆయన ‘ముఅజమ్ అల్ బుల్దాన్’లో తెలిపాడు. ఆ గ్రంథంలోని విషయం చాలావరకు అక్కడి పుస్తకాల నుంచే తనకు దక్కిందని ఒప్పుకున్నాడు. ఆయన హిజ్రీ 616లో మర్వ్ విడిచాడు. 1221లో మంగోలు సేనలు ఆ నగరాన్ని నేలమట్టం చేశాయి. నేటి పద్ధతిలో లెక్కిస్తే యాఖూత్ ఒక్క పాఠకుడు. అతిగా అరువు తీసుకున్న పాఠకుడు కూడా. కాని ఆ ఒక్కడి ద్వారా ఆ గ్రంథాలయాల ఫలం ఎనిమిది వందల ఏళ్ళుగా లోకం అనుభవిస్తున్నది.

మన నగరంలోనే ఇటువంటి నిదర్శనం ఉన్నది. 1888లో దాయిరతుల్ మఆరిఫ్, 1891లో ఆసఫియా గ్రంథాలయం ఏర్పడ్డాయి. నవాబ్ ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం రెండింటి స్థాపనలోనూ పాలుపంచుకున్నారు. ఇబ్ను హజర్ ‘తహ్‌జీబుత్ తహ్‌జీబ్’ 1325-27 హిజ్రీ సంవత్సరాలలో, బీరూనీ ‘అల్ ఖానూన్ అల్ మసూదీ’ 1954-56 సంవత్సరాలలో దాయిరా నుంచే అచ్చయ్యాయి. ఒక వ్రాతప్రతిని పరిష్కర్తలు ఒకరిద్దరే నెలల తరబడి చదివి ఉంటారు. గ్రంథాలయం పుస్తకంలో అది ఒకటి రెండు పద్దులు మాత్రమే. కాని ఆ అచ్చు ప్రతిని పట్టుకొని హదీసు ఉల్లేఖకుల చరిత్రను పరిశీలించినవారు దేశదేశాలలో ఉన్నారు. ప్రత్యేక గ్రంథాలయంలో పాఠకుల సంఖ్య తక్కువగా ఉండటం లోపం కాదు, అది దాని స్వభావం. అక్కడికి వచ్చేవాడు తన ఒక్కడి కోసం రాడు. చదువరుల పక్షాన ప్రతినిధిగా వస్తాడు.

ఈ మాట తెలుగు చదివే ముస్లింలకు మరింత వర్తిస్తుంది. మన ఇళ్ళలో తాతగారు ఉర్దూలో ఉత్తరాలు రాశారు, తండ్రి ఉర్దూ చదవగలడు గాని రాయడు, కొడుకు తెలుగులోనో ఇంగ్లీషులోనో చదువుతాడు. ఇది నిందించవలసిన విషయం కాదు, జరిగిన విషయం. కాని మన పెద్దల తగాదాలు, తీర్పులు, పాఠశాలలు, చందాలు, పత్రికలు అన్నీ ఆ ఉర్దూ కాగితాలలోనే ఉన్నాయి. కొడుకు స్వయంగా ఆ అల్మారా దగ్గరకు రాడు. అతని పక్షాన ఒక అనువాదకుడో, ఒక పరిశోధకుడో రావాలి. ఆ ఒక్కడు వచ్చేలోగా వినియోగం లేదని అల్మారా కదిలిపోతే, ఆ కొడుకుకు తన తాత శాశ్వతంగా మూగవాడు అవుతాడు.

కిందికి తరలించినవి భద్రంగానే ఉంటాయి గదా అనవచ్చును. 2000 ఆగస్టులో హైదరాబాదులో కురిసిన కుండపోత వర్షాలు గుర్తు చేసుకోండి. ఆ వరద నీరు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనికి చొచ్చుకువచ్చి, కింది అంతస్తులో ఉన్న ఉర్దూ సేకరణను ముంచింది. వేలాది గ్రంథాలు, పత్రికలు తడిసిపోయాయి. అక్కడివారు, వారికి తోడుగా షికాగో మొదలైన విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలు పూనుకొని దక్కినవాటిని దక్కించారు. ఆ నష్టానికి ఎవరినీ తప్పుపట్టలేము, నీరు అడిగి రాదు. కాని అందులో పాఠం ఉన్నది. తడిసిన పత్రికలలో ఎన్నో ఇంకెక్కడా దొరకనివి. వాటి గత వినియోగం ఎంత అని అడిగితే స్వల్పమే. వాటికి మారు ప్రతి ఉన్నదా అని అడిగితే లేదు. ఈ రెండవ ప్రశ్న ఏ వినియోగ పట్టికలోనూ ఉండదు. ఉండి తీరాలి.

కంప్యూటరు వచ్చింది గదా, ఇక లెక్క దానంతట అదే వస్తుందని కొందరి నమ్మకం. పుస్తకాలు స్కానుచేసి పెట్టినచోట ఎన్నిసార్లు తెరిచారో యంత్రం చెబుతుంది. కాని తెరవడం చదవడం కాదు. మనుషులే కాక యంత్రాలు కూడా పుటలు తెరుస్తాయి. అందుకే ఎలక్ట్రానిక్ వనరుల వినియోగాన్ని లెక్కించడానికి 2000 తరువాతి సంవత్సరాలలో ఏర్పడిన ‘కౌంటర్’ అనే అంతర్జాతీయ నియమావళి, యంత్రాల రాకపోకలను తీసివేయమంటుంది. ఒకే పాఠకుడు 30 సెకన్లలోగా ఒకే దానిని రెండుసార్లు నొక్కితే ఒకటిగానే లెక్కించమంటుంది. అంత జాగ్రత్తపడినా అది చెప్పేది నొక్కిన లెక్క మాత్రమే. మరోవైపు నేటి పరిశోధకుడు సెల్‌ఫోనుతో నలభై పుటలు ఫొటో తీసుకొని ఇంటికి పోతాడు. నెల రోజులు వాటినే చదువుతాడు. ఆ చదువు ఏ లెక్కలోకీ రాదు.

మరి ఏమి చేయాలి? విమర్శించి ఊరుకోవడం సులువు. కాబట్టి ఖర్చు లేని కొన్ని పనులు సూచిస్తాను. మొదటిది, చదివిన పుస్తకాలు తిరిగి అల్మారాలో పెట్టవద్దని, బల్ల మీదనే వదలమని పాఠకులను కోరాలి. సాయంత్రం వాటిని సర్దేటప్పుడు భాష, విషయం వారీగా గీతలు పెట్టుకుంటే చాలు. నా పదకొండు రోజులు ఆ గీతలలో కనిపించి ఉండేవి. రెండవది, అడిగి దొరకని పుస్తకాలకు ఒక రిజిస్టరు పెట్టాలి. తీరిన అవసరాన్ని మాత్రమే లెక్కించి తీరని దానిని వదిలితే, ఆకలిగా వెళ్ళినవాడిని కడుపు నిండినవాడిగా రాసినట్లే. మూడవది, ఇక్కడ చదివి రాసిన గ్రంథాలు, సిద్ధాంత వ్యాసాలు, అనువాదాలు ఒక్కొక్క ప్రతి తెచ్చి ఇవ్వమని కోరి వాటికొక అల్మారా పెట్టాలి. అదే నేటి సమా పత్రం. నాలుగవది, ఏదైనా తరలించే ముందు దానికి మారు ప్రతి ఎక్కడున్నదో విచారించి రాయాలి. అయిదవది, పట్టికను తెలుగు లిపిలో కూడా తయారుచేయాలి. ఆ తరువాతనే సున్నాను నమ్మాలి.

ఈ లెక్కలలో ఒక హద్దు పాటించాలి. ఏ పుస్తకం వాడబడిందో రాయండి. ఎవరు చదివారో పోగుచేయకండి. సమా పత్రంలో పేరు రాయించుకున్నవాడు దానిని గౌరవంగా కోరి రాయించుకున్నాడు. నేటి పాఠకుడి పేరు, చదివినది ఒకచోట చేర్చిపెడితే అది ఎవరి చేతికి పోతుందో చెప్పలేము. ఇతరుల రహస్యాలు ఆరా తీయవద్దని సూరా హుజురాత్ 12వ ఆయతు మనకు నేర్పిన మర్యాద గ్రంథపాలకుడికి కూడా వర్తిస్తుంది.

దీనికి బదులుగా పాఠకుల మీద కూడా బాధ్యత ఉన్నది. మనం చీటీ రాయము, చదివిన సంగతి చెప్పము, అచ్చయిన పుస్తకం ఒక ప్రతి ఇవ్వము, ముందుమాటలో గ్రంథాలయం పేరు కూడా మరచిపోతాము. తరువాత అల్మారా కదిలిందని బాధపడతాము. నేనూ అందులో ఒకడిని. ఆ పదకొండు రోజులలో ఒక్కనాడైనా సందర్శకుల పుస్తకంలో ఏమి చూశానో నాలుగు ముక్కలు రాసి ఉంటే, ఆ మంచి ఉద్యోగి చేతిలో చూపడానికి ఒక కాగితం ఉండేది.

ఆ భూదానాల అనువాదం తరువాత పూర్తయింది. కింది గదిలో దీపం సరిగా లేకపోయినా ఆ ఉద్యోగి తాళం తీసి, స్టూలు వేసి, నాకు కావలసిన సంపుటం వెదకి ఇచ్చాడు. యౌమియాకు సరైన అర్థం అందులోనే దొరికింది. ఆనాడు మాత్రం చీటీ అడిగి తీసుకొని, పుస్తకం పేరు, తేదీ రాసి అతని చేతికి ఇచ్చాను. ‘‘ఇప్పుడు ఒకటి అయింది, మౌల్వీసాబ్’’ అన్నాడు.